అడుగు తాడు వెచ్చగా ఉంది

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలో యువ పరిశోధకుల ముందు ఒక సముద్ర శాస్త్రవేత్త చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, మొదటి వరసంతా ఖాళీగా ఉంది. మీ పీహెచ్‌డీ గైడ్ల కోసం వదిలిపెట్టారేమో. గైడ్లు రారు, నేనూ గైడ్‌నే కాబట్టి చెప్తున్నాను. (నవ్వులు)

నాకిచ్చిన అంశం చాలా పెద్దది. యువ శాస్త్రవేత్తలు జనంలోకి ఎలా వెళ్ళాలి, అది వృత్తిలో ఎదగడానికి ఎలా పనికొస్తుంది అని. రెండో సగం గురించి ముందే చెప్పేస్తే మీ టైమ్ మిగులుతుంది. జనంతో మాట్లాడితే ఉద్యోగం వస్తుందా? రాదు. "ఎన్ని బడులకి వెళ్ళారమ్మా" అని ఏ ఇంటర్వ్యూ బోర్డూ నన్ను ఇంతవరకు అడగలేదు. పేపర్లెన్ని, ఏ జర్నల్లో, ఇంతే. ఫ్రాన్స్‌లో సీఎన్‌ఆర్‌ఎస్ అని పెద్ద ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి వేలమంది శాస్త్రవేత్తల రికార్డులు తీసి చూసిన అధ్యయనం ఒకటి 2008లో అచ్చయింది. అందులో రెండు సంగతులు తేలాయి. బయట జనంతో ఎక్కువగా పనిచేసేవాళ్ళు ల్యాబ్‌లోనూ తక్కువేమీ చేయట్లేదు, మిగతావాళ్ళకంటే ఎక్కువే రాస్తున్నారు. కానీ ఆ బయటి పని వల్ల ప్రమోషన్లలో లాభమూ లేదు, నష్టమూ లేదు. "ఊళ్ళు తిరిగితే నీ కెరీర్ పాడవుతుంది" అనే మాట తప్పు. "దీంతో నీ కెరీర్ ఎక్కడికో వెళ్ళిపోతుంది" అని వర్క్‌షాపుల్లో చెప్పేదీ తప్పే.

నష్టమే లేదని కూడా గట్టిగా అనలేం. కార్ల్ సాగన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. టీవీలో అంతరిక్షం గురించి అంత బాగా చెప్పిన మనిషి. 1992లో అమెరికా నేషనల్ అకాడమీ సభ్యత్వానికి ఆయన పేరు వస్తే ఓటింగ్‌లో తోసిపుచ్చారు. మన దగ్గర ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మరాఠీలో కథలు రాశారు, పిల్లలకి ఉపన్యాసాలిచ్చారు, పుణెలో ఐయూకా లాంటి ఖగోళ పరిశోధన సంస్థనీ కట్టారు, ఆయనకి గౌరవమే దక్కింది. ఇద్దరూ చేసింది ఒకటే పని. లోకం ఎలా చూస్తుందన్నది మన చేతిలో లేదు, దాని గురించి నేనింకేం చెప్పను.

మరి ఎందుకు వెళ్ళాలి? నా సంగతి చెప్తాను.

పీహెచ్‌డీ మూడో ఏడు. ఉపగ్రహం పంపే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల మీద నా పని. విశాఖ తీరానికి ఎదురుగా చల్లనీళ్ళు, వెచ్చనీళ్ళు ఎక్కడ కలుస్తున్నాయో గీతలు గీసేదాన్ని. అలాంటి చోట చేపలు చేరతాయి కదా. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్ళు ఇచ్చే చేపల వేట సూచనలకి ఆధారం కూడా ఈ ఉష్ణోగ్రతా, నీటిలోని పత్రహరితమూ. ఒకరోజు మా గైడ్ పిలిచి, పెద జాలారిపేటలో మత్స్యకారులకి అవగాహన సదస్సు పెట్టి రమ్మన్నారు. అవగాహన ఎవరికన్నది పక్కన పెట్టండి. ప్రాజెక్టు రిపోర్టులో ఒక పేరా, రెండు ఫొటోలు కావాలి, అంతే సంగతి.

నలభై రెండు స్లైడ్లు చేసుకున్నాను. షామియానా కింద, పట్టపగలు పదకొండింటికి, ప్రొజెక్టర్. తెర మీద ఏమీ కనపడలేదు. ఎవరో దుప్పటి తెచ్చి ఒకవైపు కట్టారు, అయినా కనపడలేదు. ముందు పిల్లలు కూర్చున్నారు, వెనక ఆడవాళ్ళు, పక్కన వల బాగుచేసుకుంటూ నలుగురైదుగురు మగవాళ్ళు. నేను "ఉష్ణోగ్రతా ప్రవణత" అంటున్నాను. ఇంగ్లీషులో గ్రేడియెంట్ అంటే అర్థం కాదని, ముందురోజు రాత్రి నిఘంటువు చూసి మరీ నేర్చుకున్న మాట. ఇంగ్లీషు మాటే నయం, కనీసం తెలియని మాటని తెలిసేది.

అరగంట విన్నాక వల బాగుచేస్తున్న ఒక తాత దారం పళ్ళతో కొరికి, తల ఎత్తకుండానే అన్నాడు. "ఇదంతా బాగానే ఉందమ్మా. నువ్వు పైనీళ్ళ సంగతి సెప్తన్నావు. మా వల పడేది అడుక్కి గదా. అడుగుసంగతేటి?"

ఉపగ్రహం సముద్రం పైపొరనే చూడగలదు తాతా, అన్నాను. అయితే మరి, అని ఆయన ఒక మాట చెప్పాడు. "సలికాలంలో వల లాగితే పైతాడు సల్లగా ఉంటాది, అడుగు తాడు ఎచ్చగా తగుల్తాది. అదేటో నువ్వు సెప్పు."

నాకు తెలుసు. తెలియదని కాదు, చదివాను. శీతాకాలంలో బంగాళాఖాతంలో ఈ తిరగేసిన అమరిక ఉంటుందని పరిశోధకులు ఎప్పుడో రాశారు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, ఇన్ని నదులు వర్షాకాలంలో తెచ్చి పోసిన మంచినీళ్ళు సముద్రం మీద పలచని పొరలా పరుచుకుంటాయి. ఉప్పు తక్కువ కాబట్టి ఆ పొర తేలిక. చలికాలంలో పైనుంచి చల్లబడినా, కిందనున్న ఉప్పునీటి కంటే తేలికగానే ఉండిపోతుంది, కిందకి దిగదు. దిగువ నీరు మాత్రం పాత వెచ్చదనాన్ని దాచుకుని ఉంటుంది. మామూలుగా సముద్రంలో కిందికి వెళ్తే చల్లబడాలి, ఇక్కడ కొంత లోతు వరకు వెచ్చబడుతుంది. ఇదంతా నా థీసిస్ మొదటి అధ్యాయంలో రెండు లైన్లలో ఉంది. ఎవరో రాసినదాన్ని ఇంకెవరో రాశారని రాసిన రెండు లైన్లు. దాని మీద ఒక మనిషి చెయ్యి ఆనుతుందని, ఆ చేతికి తేడా తెలుస్తుందని నాకెప్పుడూ తట్టలేదు.

ఇంటికొచ్చి నా గీతలన్నీ తీసి చూసుకున్నాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉపగ్రహం "ఇక్కడ చల్లన" అంటుంటే, వల పడే లోతులో అది నిజమే కానక్కర్లేదు. నేను గీసిన సరిహద్దులు ఆ నెలల్లో దేనికి సరిహద్దులు? మా గైడ్‌ని అడిగితే కాసేపు ఊరుకుని, ఓడ మీద తీసిన పాత సీటీడీ రికార్డులు తియ్యమన్నారు. సీటీడీ అంటే తాడుకి కట్టి దించే పరికరం, లోతు పెరిగే కొద్దీ ఉప్పదనం, వేడి కొలుస్తుంది. అలా నాలుగో అధ్యాయం పుట్టింది. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మిగతా మూడు అధ్యాయాల్ని పది నిమిషాల్లో తేల్చి, ముప్పావుగంట ఆ నాలుగోదాని మీదే కూర్చున్నారు. తర్వాత నేను చేసిన పనంతా దాంట్లోంచే వచ్చింది. ఆ తాత పేరు థీసిస్ కృతజ్ఞతల పేజీలో రాశాను. చదివి చూపించడానికి వెళ్తే, "ఏటి, నేనేమన్నాను?" అన్నాడు. గుర్తే లేదు.

ఇందుకే అంటున్నాను, మన దగ్గరున్న సమాచారాన్ని లేనివాళ్ళకి పంచిపెట్టడానికి వెళ్తున్నాం అనుకోకండి. ప్రశ్న తెచ్చుకోవడానికి వెళ్ళండి. రీసెర్చిలో ప్రశ్న దొరకడమే కదా కష్టం, జవాబులకి సాఫ్ట్‌వేర్లున్నాయి.

అన్ని ప్రశ్నలూ మీ థీసిస్‌కి పనికిరావు, అదీ చెప్పాలి. విశాఖలో సముద్రశాస్త్రం అంటే చాలు, నూటికి తొంభై మంది అడిగేది ఆర్కే బీచ్ ఎందుకు కోసుకుపోతోందని. నా సబ్జెక్టు కాదు. కానీ ప్రతిసారీ అడుగుతుంటే ఎన్నాళ్ళని తప్పించుకుంటాం? కెరటాలు మన తీరం వెంట ఇసుకని ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తుంటాయి. డాల్ఫిన్స్ నోస్ దగ్గర ఔటర్ హార్బర్ అడ్డుకట్టలు కట్టాక ఆ ఇసుక అక్కడ ఆగిపోతుంది, బీచ్‌కి అందదు. అందుకే పోర్టు వాళ్ళు తవ్వి తీసిన ఇసుకని పైపుల్లో బీచ్‌కి కొడుతుంటారు. ఇంతవరకు నేర్చుకున్నాను. ఇంతకు మించి అడిగితే తీర ఇంజినీరింగ్ చేసిన స్నేహితుడి నంబరు ఇస్తాను. ఆయన నన్ను తిట్టుకుంటాడు.

బడుల సంగతి. పిల్లల దగ్గరికి పవర్‌పాయింట్‌తో వెళ్ళకండి. నేను ఒక గాజు సీసా తీసుకెళ్తాను, ఊరగాయ సీసా, వెడల్పు మూతిది. గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల ఉప్పు కలిపి, రెండు చుక్కలు నీలం సిరా వేసి అడుగున పోస్తాను. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. దాని మీద చెంచా వెనకవైపు ఆనించి మంచినీళ్ళు మెల్లగా, సన్నగా జార్చాలి. తొందరపడితే కలిసిపోతుంది, పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. నీలం కింద, తెలుపు పైన, మధ్యలో గీత గీసినట్టు. ఇప్పుడు పైన ఐసు ముక్కలు వేస్తాను. చల్లనీళ్ళు కిందికి దిగాలి కదా అంటే అందరూ దిగాలి అంటారు. దిగవు. ఒక పిల్లని పిలిచి పొడుగు థర్మామీటర్ ఇస్తే, పైన ఎంతుందో, కింద ఎంతుందో తనే చదివి గట్టిగా చెబుతుంది. బంగాళాఖాతం చలికాలం మొత్తం ఆ సీసాలో ఉంటుంది. ఖర్చు ఐసుకే. ఒక్క జాగ్రత్త, సీసా కదలకూడదు. ఒకసారి ఆటోలో ముందే తయారుచేసి తీసుకెళ్దామనుకున్నాను. కంచరపాలెం దాటేసరికి మొత్తం లేత నీలం. (నవ్వులు)

ఒక ఏడో తరగతి అబ్బాయి, "మేడమ్, సముద్రం ఎవరిది?" అన్నాడు. ఉప్పు ఎందుకు, కెరటం ఎందుకు, వీటికి జవాబులుంటాయి. దీనికి ఇరవై రెండు కిలోమీటర్లలోపు మన దేశ జలాలు, మూడువందల డెబ్భై కిలోమీటర్ల ఆర్థిక మండలం అని ఏదో చెప్పాను. వాడికి నచ్చలేదు. వాళ్ళ నాన్న బోటు మీద పనికి వెళ్తాడట. వాడడిగింది వేరే.

మాటల గురించి కొంచెం. మీలో సగంమంది పదో తరగతి వరకు తెలుగు మీడియం అనుకుంటాను, చేతులెత్తక్కర్లేదు. మనకో జబ్బుంది. ఇంగ్లీషు మాట తీసేసి సంస్కృతం మాట పెడితే తెలుగులో చెప్పినట్టే అనుకుంటాం. వేసవి ముందర మన తీరం వెంట నైరుతి గాలి వీస్తే, పైనీళ్ళు ఒడ్డు నుంచి దూరంగా జరిగిపోయి అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. 1950లలో లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి దీన్ని ఇక్కడే, వాల్తేరు ఎదురుగా, కొలిచాడు. దీనికి పుస్తకాల్లో నాలుగు రకాల పేర్లున్నాయి, నాలుగూ నోరు తిరగవు. "అడుగునీరు పైకి తేలడం" అంటే ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు. అదే లఫాండ్ బృందం తర్వాత మన తీరం ఎదుట సముద్రం అడుగున లోయలు కనిపెట్టింది. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు. నీళ్ళ కింద ఆంధ్ర అని ఒక లోయ ఉందని ఈ ఊళ్ళో ఎంతమందికి తెలుసు? ఈ హాల్లో ఎంతమందికి తెలుసు?... ముగ్గురు. సరే.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ ఒకటి. బంగాళాఖాతంలో వందల మీటర్ల లోతున ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే పొర ఒకటుంది. కొత్తది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. దాని గురించి ఒక విలేకరి ఫోన్ చేస్తే అరగంట వివరంగా చెప్పాను, సంతోషంగా. మర్నాడు పొద్దున పేపర్లో శీర్షిక: విశాఖ సముద్రంలో చేపలకు ఊపిరాడట్లేదు. నా ఫొటో, నా పేరు. ఆదివారం పూటా అది. చేపలు కొనడానికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే, ఎప్పుడూ వంజరం ఇచ్చే ఆమె బుట్ట మీద గోనె కప్పేసి, "నువ్వేనంటగదమ్మా సేపలు తినొద్దన్నావు" అంది. అనలేదని ఎంత చెప్పినా పక్కనున్నవాళ్ళు కూడా చేరారు. ఒకామె ఆ రోజు బేరం లేదని లెక్క చెప్పింది. ఆ లెక్క నాకింకా గుర్తుంది, ఇక్కడ చెప్పను.

విలేకరిని తిట్టుకున్నాను కొన్నాళ్ళు. తర్వాత నేను చెప్పిందేమిటో గుర్తుచేసుకుంటే, అరగంటలో ఒక్కసారి కూడా "మనం తినే చేపకి దీనివల్ల ఏమీ కాలేదు" అనలేదు. నాకది చెప్పాల్సిన విషయంగా తోచలేదు, ఎవరికైనా తెలుస్తుందిలే అనుకున్నాను. వినేవాళ్ళకి కావలసిన మొదటి మాట అదే: నాకేమైనా ప్రమాదమా? దానికి జవాబు చెప్పాకే మిగతాది వింటారు. అప్పటినుంచి పత్రికలవాళ్ళు అడిగితే ముందు రెండు వాక్యాలు రాసి వాట్సాప్‌లో పంపుతాను, ఇవి ఇలాగే వెయ్యండి అని. చాలామంది వేస్తారు. వాళ్ళకీ సాయంత్రంలోగా పేజీ పెట్టేసే టెన్షన్ ఉంటుంది, రాసిచ్చినది ఉంటే వాళ్ళకే సుఖం. ఇంకా జర్నల్లో అచ్చు కాని ఫలితాన్ని మాత్రం చెప్పకండి, ఎంత బతిమాలినా.

చెప్పకపోవడం కూడా తప్పే అయిన రోజుంది. 2020 మే 7. లాక్‌డౌన్. తెల్లవారుజామున వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకైంది, మనుషులు పోయారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆరింటి నుంచి మెసేజ్‌లు. కిటికీలు మూయాలా, టెర్రస్ మీదకి పోవాలా, కింద సెల్లార్లో కూర్చోవాలా, నీళ్ళు తాగొచ్చా. "మేడమ్, మీరు సైంటిస్ట్ కదా" అని నన్ను ట్యాగ్ చేశారు ముగ్గురు. నేను కెమిస్ట్‌ని కాదు, సముద్రం నా సబ్జెక్టు అని పెట్టి ఫోన్ పక్కన పడేశాను. జాగ్రత్తపరురాలిననుకున్నాను.

స్టైరీన్ అణుభారం 104. గాలిది సగటున 29. అంటే ఆ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు, పల్లంలో చేరుతుంది. సెల్లార్ మంచి చోటు కాదు. ఇది చెప్పడానికి కెమిస్ట్ అక్కర్లేదు, ఇంటర్ చదివినవాళ్ళు భాగారం చేసి చెప్పొచ్చు. ఫార్ములా నాకు తెలుసు. మా ఇల్లు అక్కడికి దూరం, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ మెసేజ్ ఇప్పటికీ గ్రూపులో వెనక్కి వెళ్తే కనపడుతుంది, నేను పెట్టిన ఒక లైను, దాని కింద ఎవరివో ఫార్వర్డులు వరసగా.

ఆ తర్వాత ఒక చిన్న నోట్‌బుక్ పెట్టాను. ఈ ఊళ్ళో ఎవరికి ఏది తెలుసో. విషవాయువుల వైద్యం తెలిసిన డాక్టరు, తుపాను హెచ్చరికల కేంద్రంలో పనిచేసి రిటైరైన ఒకాయన, తాబేళ్ళ గుడ్ల మీద పనిచేసే అమ్మాయి, ఎర్రమట్టి దిబ్బల మీద పీహెచ్‌డీ చేసిన అబ్బాయి. ఇప్పుడెవరైనా అడిగితే "నా సబ్జెక్టు కాదు" దగ్గర ఆగను. నాకింతవరకు తెలుసు, ఆ పైది ఫలానావారికి తెలుసు అంటాను. మీలో కూడా కొందరి పేర్లు అందులో ఎక్కించుకుంటాను, టీ టైమ్‌లో కలవండి.

గైడ్ ఒప్పుకోరు అన్నారు ఇందాక ఎవరో. ఒప్పుకోకపోవడానికి ఆయనకీ కారణాలుంటాయి, మీ సినాప్సిస్ ఆలస్యమైతే అడిగేది ఆయన్నే. ఒక ఉపాయం. కేంద్ర సైన్స్, టెక్నాలజీ విభాగం 2022లో శాస్త్రీయ సామాజిక బాధ్యత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కొక్కరు ఏడాదికి కనీసం 10 రోజులు సమాజం కోసం పనిచేయాలని అందులో ఉంది. ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి. పదిరోజులే అడుగుతున్నాను సార్ అనండి, పదకొండోది అడగకండి. నిజానికి పది కూడా ఎక్కువే. మొదటి రెండేళ్ళు ఏడాదికి మూడు చాలు, అవీ మీ పనికి దగ్గరగా ఉన్నవి. పిలిచిన ప్రతిచోటికీ వెళ్ళే స్కాలర్లని చూశాను. మంచి వక్తలయ్యారు, థీసిస్ మాత్రం ఆరో ఏడులోకి వెళ్ళింది. ముఖ్యంగా అమ్మాయిలకి చెప్తున్నాను, డిపార్ట్‌మెంటులో ఇలాంటి పనులన్నీ "అమ్మాయిలు బాగా మాట్లాడతారు" అంటూ మీమీద పెడతారు. యాంకరింగ్ ఔట్‌రీచ్, అంటే జనంలోకి వెళ్ళడం, కాదు. జ్యోతి ప్రజ్వలన దగ్గర పళ్ళెం పట్టుకోవడం అసలే కాదు.

రాయగలిగితే రాయండి. పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ వాళ్ళు తమ పరిశోధనని మామూలు మాటల్లో కథనంగా రాసే అవసర్ అనే పోటీని అదే విభాగం 2018లో మొదలుపెట్టింది, అప్పుడు పీహెచ్‌డీ వాళ్ళకి మొదటి బహుమతి లక్ష. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకి 37,000, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని మనకి అది చిన్న మొత్తమేం కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2008లో మొదలుపెట్టిన మూడు నిమిషాల థీసిస్ పోటీ ఉంది, ఒకే ఒక్క స్లైడు. పోటీకి వెళ్ళకపోయినా ఇంట్లో అమ్మ ముందు మూడు నిమిషాలు ప్రయత్నించండి. మా అమ్మ రెండో నిమిషంలో పప్పు చూసొస్తానని లేచింది.

సీవీలో "అనేక అవగాహన కార్యక్రమాల్లో పాల్గొన్నాను" అని రాయకండి. ఏ ఊరు, ఏ తేదీ, ఎంతమంది, వాళ్ళు ఏమడిగారు, దానివల్ల మీ పనిలో ఏం మారింది. ఈ చివరిది ఒక్క లైనుంటే చాలు. బోర్డులో కూర్చున్నప్పుడు నేను ఆ లైను కోసమే వెతుకుతాను. వందలో రెండు సీవీల్లో ఉంటుంది.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఒక్క విషయం చెప్పి దిగుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, 61 రోజులు మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, మాట్లాడటానికి తీరిక ఉంటుంది. నిషేధం మొదలైన తర్వాత వచ్చే మొదటి ఆదివారం పొద్దున్న ఆరింటికి నేను హార్బర్‌కి వెళ్తున్నాను. ఎనిమిదిమందికి మించి వద్దు, గుంపుగా వెళ్తే ఎవరూ మాట్లాడరు. రావాలనుకున్నవాళ్ళు బయట టేబుల్ దగ్గర పేరు రాసి వెళ్ళండి. ప్రొజెక్టర్ తేవద్దు. చెప్పులు పాతవి వేసుకుని రండి.